అడగని బాకీ: నాణేల క్లబ్బుల సొంత నోట్ల సంగతి

ప్రశ్న: పాత కాగితపు డబ్బును కట్టగా కొన్నప్పుడు అందులో అమెరికాలోని ఒక నాణేల క్లబ్బు పేరుతో అచ్చయిన ఒక డాలరు నోటు కనబడింది. దానిమీద వరుస సంఖ్య, అధ్యక్షుడి సంతకం, కోశాధికారి సంతకం ఉన్నాయి. ‘ఈ నోటును మా క్లబ్బు వేలంలో ఒక డాలరు సరుకుకు స్వీకరిస్తాము’ అన్న వాక్యం కూడా ఉంది. దీనిని నకిలీ నోటు అనాలా, ఆటవస్తువు అనాలా, నిజంగా డబ్బు అనాలా? నాణేలు సేకరించేవారికి సొంతంగా నోట్లు వేసుకోవలసిన అవసరం ఎందుకు వచ్చింది?

జవాబు: మీ నోటు నకిలీది కాదు. నకిలీ అనిపించుకోవాలంటే అది మరొక నోటులా కనబడి మోసం చేయాలి. మీ దగ్గర ఉన్నది తన పేరును తానే చెప్పుకుంటున్నది. దానిని ఆటవస్తువు అనడానికి కూడా నాకు మనసొప్పదు, ఎందుకంటే మీరు ఎత్తిరాసిన ఆ వాక్యంలో ఒక మాట ఇచ్చారు, ఆ మాట కింద ఇద్దరు మనుషులు సంతకం పెట్టారు. నోటు అనేది పుట్టుక నుంచీ అదే: దీనిని తెచ్చినవారికి ఇంత ఇచ్చుకుంటామని ఫలానావారు రాసిచ్చిన బాకీ పత్రం. ప్రభుత్వాలు ఈ పనిని చేపట్టడం తరువాతి సంగతి. 11వ శతాబ్దం తొలినాళ్లలో చైనాలోని చెంగ్డూ నగరంలో బరువైన ఇనుప నాణేలను మోయలేక వర్తకులు వాడుకున్న పత్రాలే తొలి కాగితపు డబ్బుగా మారాయి. పదహారు వర్తక కుటుంబాలు కలిసి నడిపిన ఆ ఏర్పాటును ప్రభుత్వం 1023లో తన చేతిలోకి తీసుకున్నది. ఐరోపాలో తొలి బ్యాంకు నోట్లను 1661లో విడుదల చేసిన స్టాక్‌హోం బ్యాంకు కూడా యోహాన్ పాల్మ్‌స్ట్రుక్ అనే వ్యక్తి నడిపిన ప్రైవేటు సంస్థే. చేతిలో ఉన్నదానికి మించి నోట్లు ఇచ్చి, వాటిని తిరిగి తెచ్చినవారికి చెల్లించలేక అది కొన్నేళ్లలోనే కూలిపోయింది.

అమెరికాలో ఈ ప్రైవేటు నోట్ల అలవాటు మరింత లోతుకు వెళ్లింది. 1837 నుంచి 1861 వరకు అక్కడ ప్రభుత్వపు కాగితపు డబ్బు దాదాపు లేదు. రాష్ట్రాల అనుమతితో నడిచిన బ్యాంకులు, కాలువ కంపెనీలు, రైలు కంపెనీలు, కొన్నిచోట్ల దుకాణదారులు కూడా తమ తమ నోట్లు అచ్చువేసుకున్నారు. ఏ నోటు మంచిదో, ఏ బ్యాంకు మూతపడిందో, ఏది దొంగ నోటో చెప్పే పత్రికలను వర్తకులు పక్కన పెట్టుకుని వ్యాపారం చేసేవారు. రాష్ట్ర బ్యాంకుల నోట్ల మీద 1865లో చేసిన చట్టం 10 శాతం పన్ను వేయడంతో ఆ కాలం ముగిసింది. ఆ కాలంలోనూ, ఆ తరువాతా చిల్లర దొరకనప్పుడల్లా ప్రైవేటు నోటు తల ఎత్తుతూనే వచ్చింది. అంతర్యుద్ధం మధ్యలో, 1862 వేసవిలో, జనం నాణేలన్నిటినీ దాచేసినప్పుడు తపాలా బిళ్లలే చిల్లరగా చేతులు మారాయి, దుకాణదారులు చిన్న చిన్న కాగితపు చీటీలు ఇచ్చారు.

నాణేల క్లబ్బుల నోటుకు అసలైన పూర్వీకుడు మాత్రం వాషింగ్టన్ రాష్ట్రంలోని టెనైనో అనే చిన్న ఊళ్లో పుట్టాడని నా అభిప్రాయం. 1931 డిసెంబరులో ఆ ఊరి బ్యాంకు మూతపడింది. బ్యాంకులో డబ్బు చిక్కుకుపోయినవారు తమ ఖాతాలో నాలుగో వంతు వరకు హక్కును అక్కడి వర్తక సంఘానికి రాసిస్తే, సంఘం అంతే విలువకు చీటీలు ఇచ్చింది. మొదట అవి కాగితం మీద వచ్చాయి. కొద్ది కాలానికే ఊరి పత్రిక అచ్చుయంత్రం మీద స్ప్రూస్, దేవదారు చెక్కలను కాగితమంత పలుచగా చీల్చిన పొరల మీద అచ్చువేయడం మొదలుపెట్టారు. ఆ ప్రాంతం కలపకు పేరుపడినది, కాబట్టి చెక్క చేతికి అందేదే. ఆ వార్త దేశమంతా పాకగానే ఎక్కడెక్కడి సేకర్తలో అసలు డాలర్లు పంపించి చెక్క నోట్లు కొనుక్కున్నారు. కొన్నవారిలో దాదాపు ఎవరూ వాటిని తిరిగి తీసుకువెళ్లి చెల్లింపు అడగలేదు. ఎక్కువ భాగం చెక్క నోట్లు నేటికీ చెల్లింపుకు రాకుండానే మిగిలిపోయాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉంది, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. బాకీ పత్రాన్ని కొన్నవాడు దానిని ప్రేమతో ఆల్బంలో పెట్టుకుంటే, బాకీ పడినవాడికి ఆ డబ్బు మిగిలిపోతుంది. తపాలా శాఖలు సేకర్తల కోసం వేసే బిళ్లలో కూడా ఇదే లెక్క పనిచేస్తుంది: కొన్న బిళ్లను ఉత్తరం మీద అంటించనంతవరకు ఆ శాఖ ఏ ఉత్తరాన్నీ మోయనక్కరలేదు. జర్మనీ పట్టణాలు టెనైనోకు పదేళ్ల ముందే ఈ కిటుకును కనిపెట్టాయి. 1914లో యుద్ధం మొదలై వెండి నాణేలు మాయమైనప్పుడు చిల్లర కోసం మొదలైన అక్కడి అత్యవసర నోట్లు, 1920 నుంచి 1922 వరకు రంగురంగుల బొమ్మలతో, వరుస కథలతో, సేకర్తల కోసమే అన్నట్టు వెలువడ్డాయి. హామెల్న్ పట్టణం తన నోట్ల మీద ఎలుకలను తరిమిన వేణుగానం వాడి కథను వేసింది. బీలెఫెల్డ్‌లో పట్టుగుడ్డ మీద, నారగుడ్డ మీద నోట్లు అచ్చువేశారు. వాటిని చెల్లింపుకు తెచ్చేవారు అరుదై, పట్టణపు ఖజానాకు అదొక రాబడిగా మారింది.

అప్పటికి అమెరికాలో నాణేల సేకరణ సంఘటితమై చాలా కాలమైంది. న్యూయార్కులోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ 1858లో, జార్జి హీత్ పూనికతో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ 1891లో, చికాగో నాణేల క్లబ్బు 1919లో ఏర్పడ్డాయి. ఇతరులు కష్టకాలంలో అచ్చువేసిన నోట్లను ప్రాణప్రదంగా దాచుకునే మనుషులు, తమ వార్షికోత్సవానికో, ప్రదర్శనకో, వేలానికో తామే ఒక నోటు వేసుకోవాలనుకోవడం ఎంతో సహజం. చెక్క నాణేలు, పతకాలు వేసిన చేతులతోనే వారు నోట్లూ వేశారు. అచ్చు ఖర్చు తక్కువ, సంతకం పెట్టే గౌరవం పెద్దలకు దక్కుతుంది, వేలంలో చిల్లర పని జరుగుతుంది, దాచుకున్న ప్రతి నోటూ క్లబ్బుకు ఎంతో కొంత మిగులుస్తుంది. కాబట్టి మీ చేతిలో ఉన్నది చాలా చిన్న పరిధిలో, ఒక గది నిండా మనుషుల మధ్య, ఒక సాయంత్రం పాటు చెల్లిన నిజమైన డబ్బు.

ప్రశ్న: ప్రైవేటు వ్యక్తులు డబ్బు అచ్చువేయడం ఎక్కడైనా నేరమే అని విన్నాను. మరి అమెరికా క్లబ్బులు ఇన్ని నోట్లు ఎలా వేయగలిగాయి?

జవాబు: మీరు విన్నది సగం నిజం. 1862లో చిల్లర చీటీలు వెల్లువెత్తినప్పుడు అమెరికా కాంగ్రెసు ఆ ఏడు జూలై 17న ఒక చట్టం చేసి, ఒక డాలరుకు తక్కువ విలువతో, డబ్బుగా చెలామణి కావాలన్న ఉద్దేశంతో నోటునో చీటీనో బిళ్లనో ఇవ్వడం శిక్షార్హమని ప్రకటించింది. ఆ నిషేధం నేటి నేరస్మృతిలోనూ ఉంది. శిక్ష జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండూ గాని. జాగ్రత్తగా చదివితే అందులో రెండు ద్వారాలు తెరిచి ఉన్నాయి. ఒక డాలరు, అంతకు మించిన విలువ గల నోటు ఆ నిషేధం కిందికి రాదు. రెండో ద్వారాన్ని సుప్రీంకోర్టే 1877లో తెరిచింది. మిషిగన్ రాష్ట్రంలోని బాంగర్ అనే ఊళ్లో ఒక కొలిమి కంపెనీ ‘తెచ్చినవారికి మా దుకాణంలో యాభై సెంట్ల సరుకు ఇస్తాము’ అని చీటీలు ఇచ్చింది. దానిమీద కేసు పెట్టగా, సరుకు ఇస్తామన్న మాట డబ్బు ఇస్తామన్న మాట కాదని, ఆ చీటీ చట్టం కిందికి రాదని వాన్ ఆకెన్ కేసులో న్యాయస్థానం తేల్చింది. 1884లో యూటా ప్రాంతపు ఒక సహకార దుకాణం చీటీల మీద 10 శాతం పన్ను వేయబోయినప్పుడు కూడా, సరుకు రూపంలో చెల్లే చీటీ ఆ పన్ను చట్టం ఉద్దేశించిన నోటు కాదన్న తీర్పే వచ్చింది. పై ప్రశ్నలోని నోటు మీద ‘ఒక డాలరు ఇస్తాము’ అని ఉండకుండా ‘వేలంలో ఒక డాలరు సరుకుకు స్వీకరిస్తాము’ అని ఉండడం యాదృచ్ఛికమో కాదో గాని, రాసినవారికి మేలు చేసే వాక్యమే అది.

ఈ రెండు ద్వారాల గుండానే ఇతర ప్రైవేటు నోట్లు కూడా నడిచాయి. న్యూయార్కు రాష్ట్రంలోని ఇతాకాలో 1991లో మొదలైన ‘అవర్స్’ నోట్లలో ఒక పని గంట 10 డాలర్లకు సమానంగా ఉండేది. మసాచుసెట్స్‌లో 2006లో వచ్చిన బెర్క్‌షేర్ నోట్లలో అతి చిన్నది ఒకటి. డిస్నీ సంస్థ తన వినోదశాలల్లో చెల్లే డాలర్లను 1987 నుంచి 2016 వరకు అమ్మింది. వాటిలో ఎన్నో ఖర్చు కాకుండా ఆల్బంలలోకి చేరాయి. దెబ్బతిన్నది లోహం వైపుకు వెళ్లి, ప్రభుత్వ నాణేన్ని పోలినదాన్ని చెలామణిలోకి తెచ్చినవారు: లిబర్టీ డాలరు అనే ప్రైవేటు నాణేలను నడిపిన బెర్నార్డ్ వాన్ నాట్‌హౌస్‌ను 2011లో న్యాయస్థానం దోషిగా నిర్ధారించింది. క్లబ్బు నోటుకు అసలైన ప్రమాదం పోలికలోనే ఉంది. ప్రభుత్వ నోటు బొమ్మను రంగుల్లో వేయదలచుకుంటే, పొడవులోగాని వెడల్పులోగాని ముప్పాతిక వంతుకు తక్కువగానో, ఒకటిన్నర రెట్లకు మించియో, ఒక వైపు మాత్రమే అచ్చువేయాలని 1992 చట్టం చెబుతుంది. పాత నోట్లను ప్రేమించే క్లబ్బులు వాటి అందాన్ని అరువు తెచ్చుకోవాలని తహతహలాడడం నాకు అర్థమవుతుంది. ఆ అందాన్ని రాష్ట్రాల అనుమతితో నడిచిన ఆ పాత బ్యాంకుల నోట్ల నుంచి తెచ్చుకుంటే చిక్కు ఉండదు, నేడు చెల్లే నోటు నుంచి తెచ్చుకుంటే ఉంటుంది.

ప్రశ్న: మా నాణేల క్లబ్బు చాలా ఏళ్ల కిందట మూడు విడతలుగా సొంత నోట్లు వేసింది. అప్పటి కోశాధికారి ఇప్పుడు లేరు, లెక్కల పుస్తకం ఒకటే దొరికింది, సభ్యుల దగ్గర కొన్ని నోట్లు ఉన్నాయి. క్లబ్బు వార్షిక సంచికకు వీటి చరిత్ర రాయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఈ ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను, ఎందుకంటే ఇతరుల నాణేలకు పట్టికలు రాసే క్లబ్బులు తమ సొంత నోట్లకు పట్టిక రాసుకోవడం మరచిపోతూ ఉంటాయి. ఆ నోట్లు వేసినవారిలో కొందరైనా మీకు అందుబాటులో ఉన్న కాలం ఇదే. కాబట్టి కాగితాలకంటే ముందు మనుషుల దగ్గరకు వెళ్లండి. ఎవరు గీశారు, ఎక్కడ అచ్చు వేయించారు, ఏ సందర్భానికి వేశారు, మొదటి నోటు ఎవరి చేతికి ఇచ్చారు అన్నవి జ్ఞాపకంలో తప్ప మరెక్కడా ఉండకపోవచ్చు. జ్ఞాపకం తేదీలను కలిపేస్తుంది గనుక, వారు చెప్పినదాన్ని సమావేశాల మినిట్సుతో, అచ్చు బిల్లుతో సరిచూడండి. నోటు మీది సంతకాలు కూడా తేదీలే: ఫలానావారు అధ్యక్షులుగా ఉన్న కాలం తెలిస్తే, ఆ విడత దానికి ముందో వెనుకో పడే అవకాశం లేదు.

తరువాత నాలుగు సంఖ్యలను వేరు చేయాలి. చరిత్ర రాసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎన్ని అచ్చయ్యాయి, వాటిలో ఎన్ని సంతకంతో బయటికి వెళ్లాయి, బయటికి వెళ్లినవాటిలో ఎన్ని చెల్లింపుకు తిరిగి వచ్చాయి, తిరిగి వచ్చినవాటిలో ఎన్నిటిని చించేశారు అన్న నాలుగు సంఖ్యలు వేర్వేరు. లెక్కల పుస్తకంలో ‘300 నోట్లు’ అని ఒక్క మాట ఉంటే అది ఈ నాలుగింటిలో ఏదో పక్కనున్న పద్దును బట్టి తేల్చుకోవాలి: అచ్చుఖర్చు పక్కన ఉంటే అది మొదటిది, వేలపు రాబడి పక్కన ఉంటే రెండోదో మూడోదో అయి ఉంటుంది.

లెక్కల పుస్తకం ఏమీ చెప్పని విడతకు ఒక చక్కని మార్గం ఉంది. సభ్యుల దగ్గర ఉన్న నోట్ల వరుస సంఖ్యలన్నీ రాసుకోండి. రెండో ప్రపంచయుద్ధంలో పట్టుబడిన జర్మన్ ట్యాంకుల భాగాల మీది సంఖ్యలను బట్టి మొత్తం ట్యాంకులు ఎన్ని తయారవుతున్నాయో మిత్రరాజ్యాల గణాంకవేత్తలు అంచనా కట్టారు. ఆ సూత్రమే ఇక్కడ పనికివస్తుంది: కనబడిన అతి పెద్ద సంఖ్యను కనబడిన నోట్ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని ఆ పెద్ద సంఖ్యకే కలిపి, ఒకటి తీసివేయాలి. ఐదు నోట్లు కనబడి వాటిలో పెద్దది 240వ నంబరు అయితే, 240కి 48 కలిపి ఒకటి తీసేస్తే 287 వస్తుంది. సంఖ్యలు ఒకటి నుంచి వరుసగా పడ్డాయని, మిగిలిన నోట్లు ఎటూ మొగ్గకుండా మిగిలాయని ఈ లెక్క నమ్ముతుంది. క్లబ్బు నోట్లలో రెండో నమ్మకం తరచు చెడుతుంది, ఎందుకంటే మొదటి పది నంబర్లను పెద్దలు దాచుకుంటారు. అందుచేత మీ సంచికలో ఆ సంఖ్యను అంచనా అని స్పష్టంగా రాయండి, చూసిన నంబర్ల పట్టికను కూడా పక్కనే వేయండి. తరువాత మరో నోటు బయటపడితే చదివినవారే లెక్క సరిదిద్దుకుంటారు. ప్రతి విడతకు పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో, కాగితం రంగు, సంతకం చేత్తో పెట్టినదా అచ్చులో వచ్చినదా, రద్దు చేసినవాటికి రంధ్రం పొడిచారా ముద్ర కొట్టారా అన్నవి తప్పక చేర్చండి.

ప్రశ్న: మా క్లబ్బు కొత్తగా నోట్లు వేయాలని అనుకుంటున్నది. వాటిని అమ్మితే వచ్చిన డబ్బును రాబడిగా చూపవచ్చా? సభ్యులు వాటిని ఖర్చు చేయాలా, దాచుకోవాలా?

జవాబు: రాబడిగా చూపకండి. తిరిగి రాని ప్రతి నోటూ బాకీయే. తీసుకున్నవాడు అడగలేదు గనుక తీరిపోయినట్టు కాదు. ఎన్ని నోట్లు బయట ఉన్నాయో అంత సొమ్మును వేరుగా ఉంచి, చివరి గడువు తేదీని నోటు మీదే అచ్చువేసి, ఆ తేదీ దాటాక సభలో ప్రకటించి, అప్పుడు మాత్రమే మిగిలినదాన్ని రాబడిలోకి మార్చండి. స్టాక్‌హోంలో జరిగినది చిన్న క్లబ్బులో కూడా జరగగలదు: పది మంది పాత సభ్యులు ఒకే సాయంత్రం తమ నోట్లన్నీ వేలానికి తెస్తే కోశాధికారి ఏమి చేస్తారో ముందే ఆలోచించుకోవాలి.

ఖర్చా, దాచుకోవడమా అన్నది నోటును ఎందుకు వేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆస్ట్రియాలోని వోర్గిల్ పట్టణపు మేయరు ఊంటర్‌గుగ్గెన్‌బెర్గర్ 1932లో వేసిన నోట్లను ఎవరైనా దాచుకుంటే నెలకు ఒక శాతం చొప్పున బిళ్ల కొని అంటించవలసి వచ్చేది. డబ్బు చేతులు మారాలన్నదే ఆయన కోరిక. ఆస్ట్రియా కేంద్ర బ్యాంకు పట్టుబట్టగా 1933లో ఆ ప్రయోగం ఆగిపోయింది. క్లబ్బు నోటు దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది, దాచుకుంటేనే అది బతుకుతుంది. అయితే నా మాట వినదలచుకుంటే, రెండింటికీ చోటు ఇవ్వండి. అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ పిల్లలకు ఇచ్చే వై.ఎన్. (యంగ్ న్యూమిస్మాటిస్ట్, అంటే బాల నాణేల సేకర్త) డాలర్లు నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు: వ్యాసం రాసిన పిల్లవాడికో, ప్రదర్శన పెట్టిన అమ్మాయికో కొన్ని డాలర్లు దక్కుతాయి, వాటితో వారు పిల్లల కోసం జరిపే వేలంలో నిజమైన నాణేలు కొనుక్కుంటారు. ఒక్కసారైనా చేతులు మారిన నోటు మీద మడత పడుతుంది, మూల నలుగుతుంది; అలాంటి నోటును చూసినప్పుడు అది ఒకరికి ఒక నాణేన్ని సంపాదించి పెట్టిందని తెలుస్తుంది. పెట్టె లోంచి నేరుగా ఆల్బంలోకి వెళ్లిన నోటుకు ఆ కథ ఉండదు.

ప్రశ్న: ఒకే క్లబ్బు నోట్లలో సంతకం ఉన్నది, లేనిది రెండూ అమ్మకానికి వచ్చాయి. ఏది తీసుకోవాలి?

జవాబు: సంతకం లేనిది బయటికి వెళ్లని మిగులు నోటు, బాకీ పత్రంగా అది ఎన్నడూ పుట్టలేదు. న్యూ ఆర్లియన్స్‌లోని కెనాల్ బ్యాంకు నోట్లు ఇప్పటికీ కట్టలుగా దొరకడానికి కారణం అవి అలాంటి మిగులు నోట్లు కావడమే. సాధారణంగా సంతకం, నంబరు ఉన్నదాన్నే తీసుకోమంటాను. కాని మిగులు నోటుకు తరువాత ఎవరైనా సంతకం చేర్చి ఉండవచ్చు గనుక, భూతద్దం కింద మడత మీదుగా వెళ్లిన గీతను చూడండి. మడత పడకముందు పెట్టిన సంతకమైతే సిరా మడత దగ్గర కాగితంతో పాటు విరిగి కనబడుతుంది. తరువాత పెట్టినదైతే విరిగిన నారలోకి సిరా పాకి ఉంటుంది.